తిరుపతిలో అభ్యసన వైకల్య పరీక్ష: గమనింపు బాగుంది, తెలుగే తక్కువైంది

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు పిల్లల వికాస కేంద్రంలో మా అమ్మాయికి అభ్యసన వైకల్య పరీక్షలు చేయించాము. తెలివితేటలు ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడకపోవడమే అభ్యసన వైకల్యం. ఆ సేవ ఎలా ఉందో, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కిందో లేదో, అటువంటి చోటికి వెళ్ళబోయే తల్లిదండ్రులు ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. నేను ఎత్తి చూపబోయే లోపాలు ఆ ఒక్క చోటికే పరిమితమైనవని నేను అనుకోవడం లేదు, పైగా ఇక్కడి ప్రశ్నలు ఏ ఊళ్ళో ఏ కేంద్రం మెట్లెక్కినా అడగదగినవే. నా తీర్పు ముందే చెబుతాను: పిల్లను ఓపికగా గమనించి లక్షణాలను పసిగట్టడంలో వాళ్ళకు వంక పెట్టలేము, కానీ ఆ పిల్ల మాట్లాడే తెలుగును, చదివే తెలుగును పరీక్షలోకి తీసుకోవడంలో మాత్రం బాగా వెనుకబడి ఉన్నారు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి చదువుతోంది. అల్లరి చేయదు, ఎదురు చెప్పదు, వెనుక బెంచీలో కూర్చుని తన పని తాను చేసుకుంటుంది. ఇటువంటి పిల్లల సమస్య బడిలో ఎవరి కంటా పడదు. తరగతిలో గొడవ చేసే పిల్లవాడి గురించి ఇంటికి ఫోను వస్తుంది గాని, నోరు మెదపని ఆడపిల్ల గురించి ఎవరూ ఫోను చేయరు. ప్రగతి పత్రంలో ప్రతిసారీ ఒకటే మాట ఉండేది, శ్రద్ధ పెంచుకోవాలి అని. ఇంట్లో మాకు కనిపించిన చిత్రం వేరు. పాఠం తెరిచి పెడితే మొదటి నుంచి చివరిదాకా గడగడా అప్పజెప్పేది, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం తెల్లముఖం వేసేది. అంటే పాఠాన్ని చదవడం లేదు, విని కంఠస్థం చేసి పుస్తకం మీద కళ్ళు తిప్పుతోంది. జ్ఞాపకశక్తి బాగున్న పిల్లలు రెండు మూడేళ్ళ పాటు ఈ విధంగా నెట్టుకురాగలరు. పాఠాలు పొడుగయ్యే కొద్దీ, సుమారు మూడు నాలుగు తరగతుల దగ్గర, బండి ఆగిపోతుంది.

కేంద్రంలో మొదటి విడత అంతా మాటలతోనే గడిచింది. అక్కడి క్లినికల్ సైకాలజిస్టు పిల్లకు మాటలు ఎప్పుడు వచ్చాయి, చిన్నప్పుడు చెవిపోటు తరచుగా వచ్చేదా, బడి మారారా, మాధ్యమం మారిందా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, రక్తసంబంధీకులలో ఎవరికైనా చదువు కష్టమయ్యేదా అని వరుసగా అడిగి రాసుకున్నారు. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించి ఆ కాగితాలు తెస్తే గాని ముందుకు వెళ్ళనని ఖండితంగా చెప్పారు. ఆ రోజు కొంచెం విసుగనిపించినా, అది సరైన పద్ధతి. బోర్డు కనిపించని పిల్ల, చెవి సరిగా వినిపించని పిల్ల చదువులో వెనుకబడితే దాన్ని అభ్యసన వైకల్యం అనకూడదు. ఈ రెండు కాగితాలు అడగకుండానే పరీక్ష మొదలుపెట్టే చోటు నుంచి వెనక్కి తిరిగి వచ్చేయడం మంచిది.

నాకు బాగా నచ్చింది ఆ సైకాలజిస్టు నోటు పుస్తకాలు చూసిన తీరు. మేము తీసుకెళ్ళిన వాటిలో మా అమ్మాయి తెలుగు డిక్టేషన్ పుస్తకాన్ని, చూసిరాత పుస్తకాన్ని పక్కపక్కనే తెరిచి పెట్టుకున్నారు. "చూసి రాసిన పేజీలో ఒత్తులన్నీ ఉన్నాయి చూడండమ్మా, విని రాసిన పేజీలో ఒక్కటీ లేదు" అని వేలితో చూపించారు. నిజమే, పర్వతం కాస్తా పవతం అయింది, అక్క అక అయింది, కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా లేకుండా పోయింది. చేతికి, కంటికి లోపం ఉంటే చూసిరాత కూడా చెడాలి. అది బాగుండి విని రాసేది చెడుతోందంటే, విన్న ధ్వనిని విడగొట్టి అక్షరంగా మార్చే చోట అడ్డంకి ఉండే అవకాశం ఎక్కువని ఆమె వివరించారు. ఆ తర్వాత లెక్కల పుస్తకం తెరిచారు. 52 నుంచి 17 తీసివేయమంటే మా అమ్మాయి 45 అని వేసింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసేయడం వల్ల ఆ జవాబు వచ్చింది. పేజీ పొడుగునా అదే తప్పు ఉంది. ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ వస్తే అది అజాగ్రత్త కాదని, దాని వెనుక ఒక పద్ధతి ఉంటుందని, ఆ పద్ధతిని పట్టుకోవడమే తమ పని అని ఆమె అన్నారు. ఆ అరగంటలో తెలిసిన విషయం ఏళ్ళ తరబడి వచ్చిన ప్రగతి పత్రాలలో లేదు.

ప్రతి తప్పునూ రోగలక్షణం చేయకపోవడం కూడా ఆమెలో కనిపించిన మంచి గుణం. ఆరేడేళ్ళ వయసు దాకా అక్షరాలను, అంకెలను తిరగేసి రాయడం చాలామంది పిల్లలలో సహజమే. మ, య లనూ, ప, వ, ష లనూ మొదట్లో తారుమారు చేయని పిల్లలు అరుదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన, మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డి.ఎస్.ఎం.-5 గ్రంథం ప్రకారం, ప్రత్యేకంగా సాయం చేస్తూ వచ్చినా ఇబ్బంది కనీసం ఆరు నెలల పాటు కొనసాగితేనే నిర్దిష్ట అభ్యసన రుగ్మతగా, అంటే ఈ వైకల్యంగా పరిగణించాలి. బడి ఈడు పిల్లలలో 5 నుంచి 15 శాతం మందిలో, పెద్దవారిలో సుమారు 4 శాతం మందిలో ఇది ఉంటుందని అదే గ్రంథం అంచనా. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరైనా ఉండే అవకాశం ఉంది. ఆ ఇద్దరూ ఎవరో తెలియక వాళ్ళను చేతిరాత తరగతులకు, అబాకస్‌కు, మధ్యమెదడును మేల్కొలుపుతామని గోడల మీద ప్రకటనలు రాయించే చోట్లకు పంపిస్తున్నాము. (ఈ చివరి రకం మీద నా అభిప్రాయం రాస్తే సమీక్ష దారి తప్పుతుంది.)

అసలు పరీక్షల దగ్గరికి వస్తే, బుద్ధిశక్తిని కొలవడానికి మాలిన్ పరీక్షను, చదువు నైపుణ్యాలకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల మాలను వాడారు. రెండూ మన దేశంలో చిరకాలంగా వాడుకలో ఉన్నవే. నిమ్హాన్స్ మాలలో 5 నుంచి 7 ఏళ్ళ వారికి ఒక స్థాయి, 8 నుంచి 12 ఏళ్ళ వారికి ఇంకొక స్థాయి ఉంటాయి. ఏకాగ్రత, చూసి గుర్తించడం, విని గుర్తుంచుకోవడం, చదవడం, అర్థం చేసుకోవడం, రాయడం, లెక్కలు అన్నీ అందులో ఉంటాయి. తెలివితేటలు వయసుకు తగినట్టుగా ఉండి చదువు నైపుణ్యం మాత్రం తరగతికి రెండు మూడు మెట్లు కింద ఉందని తేలింది. ఇంతవరకు బాగానే ఉంది.

నా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. చదివించిన గద్యభాగాలు, రాయించిన పదాలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే. తెలుగులో ఒక వాచకం తీసి నాలుగు వాక్యాలు చదివించి సరిపెట్టారు. నివేదికలో తెలుగు గురించి ఉన్నది రెండే రెండు పంక్తులు, తెలుగు చదవగలదు, వేగం తక్కువ అని. ఇది చిన్న లోపం కాదు. ఇంగ్లీషులో రాసే అక్షరం ఒకటి, పలికే ధ్వని ఇంకొకటి కాబట్టి చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్ల అక్కడ తప్పులతో బయటపడిపోతుంది. తెలుగులో రాసినది రాసినట్టే పలుకుతాము, అందువల్ల గుణింతాలు, ఒత్తులు ఎలాగోలా పట్టుబడిన పిల్ల నెమ్మదిగానైనా తప్పులు లేకుండా చదివేస్తుంది. ఆమె లోపం తప్పులలో గాక నత్తనడకలో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోవడంలో, విని రాసేటప్పుడు దీర్ఘాలు ఒత్తులు రాలిపోవడంలో కనిపిస్తుంది. తెలుగు చదవగలదు అన్న రెండు పంక్తులు ఈ లక్షణాలన్నింటినీ కప్పేశాయి. మొదటి రోజు డిక్టేషన్ పుస్తకంలో అంత చక్కగా పట్టుకున్న విషయం నివేదికలోకి ఎందుకు ఎక్కలేదని అడిగితే, తెలుగుకు వయసులవారీ ప్రమాణాలు తమ దగ్గర లేవని జవాబు వచ్చింది. ప్రమాణాలు లేకపోతే అంకెలు వేయవద్దు, కానీ చూసింది చూసినట్టు రాయడానికి అడ్డేమిటో నాకు అర్థం కాలేదు.

మన ప్రాంతంలో ఈ సమస్యకు ఇంకొక మెలిక ఉంది. అక్కడ కూర్చుని ఉండగా నగరి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం పరిచయమైంది. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాలలో ఇది మామూలే. అటువంటి పిల్లవాడిని ఇంగ్లీషులో పరీక్షించి వెనుకబడ్డాడని తేలిస్తే, అది వైకల్యమా, ఆ భాష ఇంకా ఒంటబట్టకపోవడమా అన్నది తేలదు. ఇబ్బంది తెలిసిన భాషలన్నింటిలోనూ కనబడితేనే వైకల్యాన్ని అనుమానించాలి, ఒక్క ఇంగ్లీషులోనే కనబడితే ముందు బోధనను అనుమానించాలి. మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు వచ్చే ఊళ్ళో కేంద్రం నడిపేవాళ్ళు ఈ తేడాకు తగిన ఏర్పాటు చేసుకోవాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన డాలి వంటి భారతీయ భాషల డిస్లెక్సియా (చదవడంలో వచ్చే అభ్యసన వైకల్యం) పరీక్షలు ఉన్న ఈ రోజుల్లో ఇంగ్లీషుతో సరిపుచ్చుకోవడం సమర్థించుకోదగినది కాదు.

నివేదిక విషయంలో మరికొంత నిరాశ ఎదురైంది. అంకెల పట్టికలు పేజీల కొద్దీ ఉన్నాయి, ఏమి చేయాలో చెప్పే భాగం ఒక పేజీకి మించలేదు, ఆ పేజీలో మా అమ్మాయిని రెండు చోట్ల అతడు అని రాశారు. వేరొకరి నివేదికలోని సూచనలు ఎత్తి అతికించారని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఎత్తి చూపిన వెంటనే క్షమాపణ చెప్పి తిరగరాసి ఇచ్చారు, రెండో ప్రతి చాలా మేలుగా ఉంది, తరగతి ఉపాధ్యాయురాలికి ప్రత్యేకంగా ఒక పుట కూడా జోడించారు. అయినా నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. ఇంట్లో పిల్లను కూర్చోబెట్టుకుని చదివించేది మా అత్తగారు, ఆమెకు ఇంగ్లీషు రాదు. ఒక పేజీ తెలుగు సారాంశం ఇవ్వడం ఏ కేంద్రానికీ భారం కాదు.

బోధన తరగతుల సంగతి వేరు. ఇటువంటి పిల్లలకు ప్రత్యేక పద్ధతిలో చదువు చెప్పే అక్కడి స్పెషల్ ఎడ్యుకేటర్ పని చూసిన తర్వాత ఈ కేంద్రం మీద నాకున్న అభిప్రాయం కొంత మెరుగుపడింది. ఆమె మొదట పుస్తకం ముట్టుకోలేదు, చెవితో మొదలుపెట్టారు. తిరుపతి అన్న మాటలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందని అడిగితే మా అమ్మాయి చాలాసేపు ఆలోచించి తిరుప అంది. ఆమె తప్పనలేదు. చప్పట్లు కొట్టించి, ఒక్కొక్క చప్పట్టుకు ఒక్కొక్క అక్షరం పలికించి, మొదటి చప్పట్టును మూసిపెట్టించి మళ్ళీ అడిగారు. రుపతి అన్న జవాబు వచ్చింది. మాటను ధ్వనులుగా విడగొట్టే ఈ శక్తి బలహీనంగా ఉండటమే డిస్లెక్సియాకు ముఖ్యమైన మూలమని పరిశోధకులలో అత్యధికులు అంగీకరిస్తారు. అక్షరాన్ని పలుకుతూ, వేలితో దిద్దుతూ, కంటితో చూస్తూ ఏకకాలంలో నేర్పే పద్ధతికి మూలాలు 1930ల నాటి అమెరికాలోని ఆర్టన్, గిల్లింగ్‌హామ్‌ల కృషిలో ఉన్నాయి. ఇక్కడ దాన్ని బొంబాయి రవ్వ పోసిన పళ్ళెంలో చేయిస్తారు. పళ్ళెంలో బియ్యం పోసి ఓనమాలు దిద్దించినట్టే ఉంటుంది. రోజుకు ఒకటే ఒత్తు, ఆ ఒత్తుతో పది మాటలు, వాటితో రెండు వాక్యాలు. చూడటానికి మరీ నెమ్మదిగా అనిపించినా, క ఒత్తు ఇప్పుడు డిక్టేషన్‌లో రాలిపోవడం లేదు. ర ఒత్తు, వ ఒత్తు ఇంకా పట్టుబడలేదు.

ఇంటి చరిత్ర అడుగుతున్న రోజున కారు నడిపి మమ్మల్ని తీసుకువెళ్ళిన మా తమ్ముడు గుమ్మం దగ్గర నుంచే అన్నాడు, "మేడమ్, నాకూ ఇట్లనే ఉండేది. పది రెండు తూర్లు తప్పినా." అతనికి రేణిగుంట రోడ్డులో బండ్ల మెకానిక్ షెడ్డు ఉంది. ఇంజను చప్పుడు విని లోపం ఎక్కడుందో చెబుతాడు గాని, విడిభాగాల చీటీ మాత్రం పక్కనున్న కుర్రాడి చేత రాయిస్తాడు. ఫోనులో ఎవరికీ సందేశం టైపు చేయడు, మాట రికార్డు చేసి పంపుతాడు. బ్యాంకులో ఫారం ఇస్తే కళ్ళద్దాలు మరిచిపోయానంటాడు, అసలు అతనికి కళ్ళద్దాలే లేవు. సైకాలజిస్టు నవ్వి ఊరుకోకుండా అతన్ని కూర్చోబెట్టి వివరంగా అడిగారు. పెద్దవారిలో ఈ వైకల్యం తప్పులుగా గాక తప్పించుకునే నేర్పుగా కనిపిస్తుందని ఆమె చెప్పిన మాట మా తమ్ముడి విషయంలో అక్షరాలా నిజం. ఫారాలు నింపడానికి వెనుకాడటం, చదివింది పదే పదే చదవవలసి రావడం, కుడి ఎడమలు, తేదీలు, ఫోను నంబర్ల అంకెల వరుస తారుమారు కావడం, పదోన్నతి వస్తే రాతపని పెరుగుతుందని దాన్నే వదులుకోవడం, ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు గమనించవలసిన లక్షణాలు. చదువుకునే అవకాశమే దొరకని వారిలోనూ వీటిలో కొన్ని ఉంటాయి గనుక, బడికి వెళ్ళి కష్టపడినా పట్టుబడలేదా అన్న ప్రశ్నకు జవాబు ముఖ్యం. ఈ వైకల్యం వంశంలో నడుస్తుంది కాబట్టి, పిల్లల పరీక్షకు వెళ్ళినవారు తమ గురించి కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

పెద్దవారికి పూర్తి స్థాయి పరీక్ష తమ దగ్గర లేదని, నిమ్హాన్స్ మాల 12 ఏళ్ళ దాకానే ఉద్దేశించినదని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. అంత నిజాయితీగా మాట్లాడిన చోట రిసెప్షన్‌లో మాత్రం మా తమ్ముడి పేరున విడిగా సంప్రదింపు రుసుము వసూలు చేశారు, అది బాగోలేదు. ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్ ఎలా వాడాలో, తెర మీది అక్షరాలను ఫోను చేతే చదివించుకోవడం ఎలాగో చూపించి పంపారు. చీటీలు ఇప్పుడు ఫోనులోనే తయారవుతున్నాయి.

పరీక్షల్లో రాయితీలకు కావలసిన వైకల్య ధ్రువపత్రం గురించి ఒక స్పష్టత అవసరం. 1995 నాటి వికలాంగుల చట్టంలో అభ్యసన వైకల్యానికి చోటు లేదు. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 21కి పెంచి దీన్ని కూడా చేర్చింది. ప్రైవేటు కేంద్రం ఇచ్చే నివేదిక ధ్రువపత్రం కాదు, ప్రభుత్వం గుర్తించిన వైద్యాధికార సంస్థ ఇచ్చినదే చెల్లుతుంది, దానికి కేంద్ర ప్రభుత్వం వారి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు మొదటి ధ్రువపత్రం 8 ఏళ్ళు నిండాకే, తిరిగి 14, 18 ఏళ్ళకు ఇవ్వాలన్నాయి, 18 ఏళ్ళకు ఇచ్చినది జీవితాంతం చెల్లుతుందన్నాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రాతపరీక్షల మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వమన్నాయి. 40 శాతం వైకల్యం ఉంటేనే లేఖకుడిని, అంటే జవాబులు రాసిపెట్టే మనిషిని, ఇస్తామన్న షరతు చెల్లదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా కేంద్రంలో ఈ వివరాలు అడిగితే చెప్పారు, అడగకపోతే చెప్పేవారు కాదని అనిపించింది. పక్కన కూర్చున్న ఒక తండ్రి ఆ ప్రైవేటు నివేదికతోనే పదో తరగతి పరీక్షలో రాయితీ వస్తుందని నమ్ముతున్నారు.

ఖర్చు విషయానికి వస్తే, పరీక్షలన్నింటికీ కలిపి మాకు ఆరు వేలు దాటింది, బోధన తరగతులకు విడిగా కట్టాలి. నివేదిక తిరగరాసినందుకు అదనంగా ఏమీ అడగలేదు. అంత పెట్టలేనివారు ముందుగా బడిలోనే ప్రాథమిక పరిశీలన చేయమని అడగవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రశస్త్ పరిశీలన పట్టిక ఉపాధ్యాయుల కోసమే తయారైంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరిశీలించే 30 పరిస్థితులలో అభ్యసన రుగ్మత కూడా ఉంది, దాని కోసం జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో విచారించాలి. ప్రైవేటు చోటికి వెళ్ళేవారు పరీక్ష చేసే వ్యక్తికి, ఈ రంగంలో పనిచేసేవారిని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో సంఖ్యతో సహా అడగాలి. మేము అడిగితే గోడ మీదున్న పత్రాన్ని చూపించారు, నొచ్చుకోలేదు.

మొత్తం మీద ఐదుకు మూడున్నర ఇస్తాను. గమనింపుకు, బోధనకు పూర్తి మార్కులే, తెలుగు పరీక్షకు, నివేదికకు, రిసెప్షన్‌కు కోత. మేము తరగతులు కొనసాగిస్తున్నాము. ఇంకొక్క జాగ్రత్త: సమయం అడిగితే సాయంత్రం ఐదు తర్వాతే ఇస్తామంటారు. బడి నుంచి అలసి వచ్చిన పిల్లకు ఆ వేళప్పుడు పరీక్ష పెడితే ఏకాగ్రత అంకెలు నమ్మదగినవిగా ఉండవు. మా అమ్మాయికి ఆ భాగం మళ్ళీ ఉదయం పూట చేయించవలసి వచ్చింది. మొదటి ఫోనులోనే ఉదయం పది గంటల సమయం పట్టుబట్టి తీసుకోండి. శనివారాలు ముందే నిండిపోతాయి, ఆదివారం సెలవు.